ఎనిమిదో పేరు

పటమట, విజయవాడ
మంగళవారం

అక్కయ్యకి,

తమ్ముడు రత్నం నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. చక్కెర అదుపులో ఉంది, కాళ్ళ వాపు తగ్గింది, మాత్రలు మర్చిపోవడం లేదు. నువ్వెలా ఉన్నావు? ఆయాసం పొద్దుటిపూటే వస్తోందా, పడుకున్నప్పుడు కూడా వస్తోందా? కోడలు పద్మ, పిల్లలు కులాసాయేనా? గేదె ఈనిందని చినబాబు చెప్పాడు. పెయ్యా, దున్నా అని అడిగితే తెలియదన్నాడు. మన ఊరివాడే, నాతోపాటే ఇక్కడ వంట చేస్తున్నాడు, వారానికోసారి ఊరికి వచ్చి పోతున్నాడు, అయినా ఏ కబురు తెచ్చినా అసలు ముక్క అక్కడే వదిలేసి వస్తాడు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం దేనికనుకుంటావు. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ పద్మే ఎత్తి, "అత్తయ్యగారు పడుకున్నారు బాబాయిగారూ" అంది. పగలు పదకొండింటికి నడుం వాల్చే మనిషివి కావు నువ్వు. పైగా పద్మ వెనక నీ దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు అరవై ఏళ్ళుగా తెలుసు. అందుకని రాసి, చినబాబు వచ్చే కూరల వ్యానులోనే పంపుతున్నాను. నువ్వే కళ్ళజోడు పెట్టుకుని చదువు. పద్మ చేత చదివించుకోకు. ఇందులో నేను సిగ్గుపడాల్సినవి కొన్ని ఉన్నాయి.

సంగతి ఇది. శుక్రవారం మన ఊరి ఆరోగ్య కేంద్రానికి టీకాలు వస్తున్నాయట. ఆశా కార్యకర్త దుర్గ మన గుమ్మంలోకి వచ్చి నీ పేరు చదివితే, "సొంత తమ్ముడే కొట్టేసిన పేరు, మీకెందుకమ్మా? ఇంకెవరికైనా వేసుకోండి" అని పంపేశావట. ఈ ఒక్క ముక్క మాత్రం చినబాబు పొల్లు పోకుండా తెచ్చాడు. నువ్వు శుక్రవారం వెళ్ళాలి. ఆ మాట అడగడానికే ఇంత కాగితం ఖర్చు పెడుతున్నాను. కానీ ముందు నేనేం చేశానో నా నోటితో చెప్పకుండా అడిగే హక్కు నాకు లేదు.

నేనున్న చోటు నువ్వు చూడలేదు కాబట్టి కొంచెం చెప్తాను. నేను వచ్చి రెండు నెలలు కావస్తోంది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి కదా. జరిగినవాటికి కూడా ఇరవై మందే. ఇరవై మందికి వడ్డించడానికి నాలాంటి వడ్డన మేస్త్రి ఎందుకు, పెళ్ళికూతురి పిన్ని చాలు. అలా ఇంట్లో కూర్చున్నప్పుడు మన కేటరింగు ప్రసాదుగారు కబురు పంపారు. ఈ పటమటలో ఒక కల్యాణ మండపం ఖాళీగా ఉంటే తీసుకుని, ఇళ్ళలో జబ్బుపడి వండుకోలేని వాళ్ళకి రెండు పూటలా భోజనం పంపుతున్నారు. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కూర్చోబెట్టే వేదిక మీద నా పరుపు. యాభై ఏళ్ళు ఆ వేదికల కింద గరిటె పట్టుకుని తిరిగాను. పైకి ఎక్కడానికి ఊళ్ళోకి ఇంత రోగం రావలసి వచ్చింది.

ఎండలు చంపుతున్నాయి. మండపానికి ఏసీలు ఉన్నాయి గానీ గాలి మూసి పెట్టకూడదని వెయ్యరు. పన్నెండు దాటితే కర్ఫ్యూ. బందరు రోడ్డు మీద అంబులెన్సు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. తిండికి లోటు లేదు, రోగులకి వండిందే మేమూ తింటాం. ముద్దపప్పు, మిరియాల చారు, ఉడకబెట్టిన గుడ్డు. ఉప్పూ కారం తగలని నాలుక ఎంత సాధువైపోతుందో ఇప్పుడు తెలిసింది. సాయంకాలాలే గడవవు. పాత వార పత్రికలు కట్టకట్టి మూల పడేసి ఉంటే అవి చదువుతున్నాను. సీరియల్ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోతుంది. ఎవరు ఎవర్ని చేసుకున్నారో నేనే ఊహించుకుంటున్నాను.

నా పని కారియర్ల మీద పేర్లు రాయడం. తెల్ల టేపు అతికించి, ఇంటి నంబరూ ఎంతమందికో రాస్తాను. ఆటోవాళ్ళతో నేనూ ఒక్కో ట్రిప్పు వెళ్తాను. గేటు దగ్గర కుర్చీ వేసి ఉంటుంది. దాని మీద పెట్టి, బెల్లు కొట్టి, వెనక్కి వచ్చి నిలబడాలి. పై అంతస్తులోంచి చెయ్యి ఊపుతారు. కొన్ని ఇళ్ళకి ఇవాళ ఇద్దరికి పంపితే, రెండు రోజులు పోయాక "ఒకరికి చాలండి" అని ఫోను వస్తుంది. ఎందుకని మేం అడగం. రెండు అన్న అంకె కొట్టేసి ఒకటి వేస్తాను. నా దస్తూరీ బాగుంటుందని నువ్వు చిన్నప్పుడు మురిసిపోయేదానివి కదా. ఇప్పుడు ఆ దస్తూరీ ఈ పని చేస్తోంది.

ఆ కారియర్లు మళ్ళీ మా దగ్గరికే వస్తాయి. వాటిని వేణ్ణీళ్ళలో నానబెట్టి తోమే మనిషి పోలమ్మ అని ఉండేది. యాభై దాటిన మనిషి, గంగాళం ఒక్కతే ఎత్తేది. జ్వరమని రెండు రోజులు రాలేదు, మూడోనాడు ఆస్పత్రిలో చేర్చారు. ఎనిమిదో నాడు లేదు. ఊరంతటికీ కారియర్లు పంపినవాళ్ళం, పోలమ్మకి ఒక్క పూట పంపే వేళ దొరకలేదు, ఆస్పత్రిలోనే పోయింది. మర్నాడు పొద్దున్న ఆ కుళాయి దగ్గర కూరలు తరిగే నాగమణి కూర్చుంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు తోమాలి కదా.

ఇది జరిగిన వారానికి వార్డు సచివాలయం నుంచి నర్సు కుమారి వచ్చింది. చిన్న పిల్ల, ముప్పై కూడా ఉండవు. రోజుకి ఎన్ని గుమ్మాలు ఎక్కుతోందో, మడమలు పగిలి ఉన్నాయి. "గురువారం ఒక సీసా తెస్తానండి. పదిమందికి వస్తుంది. నలభై అయిదు దాటినవాళ్ళ పేర్లు రాసి పెట్టండి. సీసా తెరిచాక ఎక్కువసేపు ఉంచకూడదు, పదిమందీ ఇక్కడే ఉండాలి" అంది.

ప్రసాదుగారు నా వైపు తిరిగి, "రత్నంగారూ, మీరు రాయండి. ఎవర్ని ఏ వరసలో కూర్చోబెట్టాలో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నారు.

ఆ మాటకి పొంగిపోయాను, అక్కయ్యా. దాచడం దేనికి. యాభై ఏళ్ళుగా నేను నేర్చుకున్నది అదొక్కటే. మొదటి బంతికి వియ్యాలవారు, పెద్దలు, పిలుపులు అందుకుని దూరం నుంచి వచ్చినవాళ్ళు. రెండో బంతికి ఇంటివాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు. ఆఖరి బంతికి వడ్డించినవాళ్ళు, వండినవాళ్ళు. అందరూ లేచాక విస్తళ్ళు ఎత్తినవాళ్ళు. ఈ వరస తప్పినందుకు సంబంధాలు చెడిపోవడం చూశాను. అందుకే చెయ్యి దానంతట అదే రాసుకుపోయింది. మాకు బియ్యం ఇస్తున్న మిల్లు యజమానీ, ఆయన భార్యా. ప్రసాదుగారు, ఆయన భార్య. మేడ మీద ఉండే ఆయన అత్తగారు. మండపం మేనేజరు తండ్రిగారు. ఏడో పేరు నాది. ఎనిమిదోది నీది. చివర్న ఇద్దరు వంటవాళ్ళు. అక్కడికి పది. కింద గీత గీసి, "మిగిలితే" అని రాసి, ఆ కింద మూడో వంటవాణ్ణీ ఆటోవాళ్ళనీ కూరలు తరిగేవాళ్ళనీ రాశాను. అందరికంటే అడుగున నాగమణి.

ఆ సాయంత్రమే నీకు ఫోను చేశాను. "నీ పేరు రాశానే అక్కయ్యా, ఎనిమిదో పేరు" అంటే, "ఆయాసం మనిషినని ఎవరికి గుర్తుంది రా, నీకు తప్ప" అన్నావు. పక్కింటి వాళ్ళ కారు మాట్లాడుకున్నావని, హనుమాన్ జంక్షన్‌లో ఆగకుండా సరాసరి వచ్చేయాలని, దారికి పులిహోర కట్టించుకుంటావని పద్మ చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నావని కూడా చెప్పింది.

కాగితం స్తంభానికి అతికించాను. మర్నాడు పొద్దున్న నాగమణి చేతులు తుడుచుకుంటూ వచ్చి దాని ముందు నిలబడింది. చదువు రాదు. చినబాబుని పిలిచి చదవమంది. వాడు చదివాడు. గీత దగ్గర కొంచెం ఆగి, కింది పేర్లు కూడా చదివాడు.

"నాది ఎక్కడుంది అన్నయ్యా?"

"అడుగున."

"గీతకి పైనా, కిందా?"

"కిందేలే. మిగిలితే అని ఉంది."

ఆమె నా దగ్గరికి వచ్చింది. అరిచి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అరిచి గెలిచేవాణ్ణి. అరవలేదు. "మేస్త్రిగారూ, మీ బంతుల్లో నేనూ ఎంగిలాకులు ఎత్తాను. ఆఖర్న తిన్నాను. కూర అయిపోతే పచ్చడి, పచ్చడి అయిపోతే మజ్జిగన్నం, ఏదో ఒకటి వేసేవారు. నేనెప్పుడన్నా నోరెత్తానా? ఇది మిగలకపోతే నాకేం వేస్తారు?"

పక్కన చినబాబు గరిటె తిప్పడం ఆపేశాడు.

"పోలమ్మ కూర్చున్న పీట మీదే కూర్చుంటున్నానండీ" అని, మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

అక్కయ్యా, నాకున్న చదువు అయిదో తరగతి. తక్కినదంతా లైబ్రరీ బల్లల మీద, పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువుకున్నది. న్యాయం గురించి నేనెక్కడ మొదలుపెట్టినా ఎదుటివాళ్ళు మాట మార్చేదాకా వదలనని నీకు తెలుసు. అలాంటివాణ్ణి, ఆ కుళాయి నా పక్కకి పది అడుగుల్లో ఉండగా, ఆ పేరు అడుగున రాశాను. చెడ్డతనంతో రాయలేదు. మర్యాద తప్పకూడదని రాశాను.

మధ్యాహ్నం కుమారి మళ్ళీ వచ్చింది, టీకా సీసాని మంచులో పెట్టే డబ్బా సరిచూసుకోవడానికి. ఆమెని అడిగాను. "అమ్మా, నువ్వే చెప్పు. ఎవరు ముందు? వస్తే తట్టుకోలేని ముసలివాళ్ళా, రోజూ ఆ ఎంగిలి ముట్టుకునేవాళ్ళా?"

"ఇద్దరూ ముందేనండి" అంది.

"ఇద్దరూ ముందైతే ఇంక జాబితా దేనికి?"

"సీసా ఒకటే కాబట్టి పెదనాన్నగారూ. రెండుంటే మిమ్మల్ని రాయమని అడిగేదాన్నే కాదు." మూత బిగించి కూర్చుంది. "నిన్న ఒక ముసలాయన తెల్లారకముందే వచ్చి లైన్లో నిల్చున్నాడు. నా దగ్గర అయిపోయాయి. రేపొస్తానమ్మా అని వెళ్ళాడు. రేపు నా దగ్గర ఉంటాయో లేదో నాకే తెలియదు. ఒకటి మాత్రం చెప్తాను. ఇక్కడ ఒక మనిషికి వస్తే మూడొందల కారియర్లకి పాకుతుంది. గడప దాటని మనిషిని ఇంట్లోవాళ్ళు జాగ్రత్తగా ఉండి కొన్నాళ్ళు కాపాడొచ్చు. కొన్నాళ్ళే సుమండీ."

ఆ "కొన్నాళ్ళే" అన్న మాట విన్నాను. వినలేదని నేను చెప్పను.

కొత్త కాగితం తీశాను. మొదటి పేరు నాగమణి. తరవాత ముగ్గురు వంటవాళ్ళు, ఇద్దరు ఆటోవాళ్ళు, కూరలు తరిగే ఇద్దరు. ఎనిమిదయ్యాయి. ప్రసాదుగారు వచ్చి చూశారు. "మాదేముందండీ, ఎక్కడో అక్కడ చూసుకుంటాం. మా అత్తగారి పేరు మాత్రం కదపకండి రత్నంగారూ, ఆవిడ ఈ పొయ్యిల పైనే ఉంటున్నారు" అన్నారు. న్యాయమే అనిపించింది. తొమ్మిది. మిల్లు యజమానిగారికి ప్రసాదుగారే ఫోను చేసి చెప్పారు. మర్నాడు బియ్యం రాలేదు. మూడోనాడు వచ్చాయి, ఆయన మనసులో ఏం జరిగిందో తెలియదు.

ఇంక ఒక్కటే మిగిలింది. నీదో, నాదో.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. నేను కారియర్లు ముట్టుకుంటాను, గేట్ల దగ్గరికి వెళ్తాను, నాకూ హక్కుంది. అది నిజమే. నీకు డెబ్బై ఆరు, ఆయాసం. అదీ నిజమే. నేను టీకా లేకుండా మన ఊరు వచ్చేసి ఉంటే, ఇక్కడ కారియర్ల మీద పేర్లు రాసే పని ఇంకొకరికి చెప్పుకునేవారు. అప్పుడు ఆ చోటు నీకు వచ్చేది. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం రాయను. నాకు భయం వేసింది. పోలమ్మని ఆస్పత్రి నుంచి మూట కట్టి తీసుకెళ్ళడం దూరం నుంచి చూసినప్పటి నుంచీ నాకు భయంగానే ఉంది. నా పేరు రాసుకున్నాను. కారణాలు ఆ తరవాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. మంచి కారణాలే, కుమారి కూడా ఒప్పుకుంది. కానీ ముందు వచ్చింది భయం.

దాని కంటే నీచమైన పని ఆ తరవాత చేశాను. పద్మకి ఫోను చేసి, "డోసులు తగ్గాయమ్మా, అత్తయ్యకి కారు వద్దని చెప్పు" అన్నాను. డోసులు తగ్గలేదు. పదీ వచ్చాయి. పదిమందికీ వేశారు. నా ఎడమ చేతికి వేశారు, ఒక రోజు జ్వరం వచ్చి పోయింది. నాగమణి సూది వేయించుకుని, కూర్చోమన్న అరగంటా కూర్చోకుండా పది నిమిషాలకే లేచి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీకు నిజం చెప్పింది చినబాబు. చెప్పినందుకు వాణ్ణి తిట్టాను. తిట్టింది కూడా తప్పే.

నీ కోపం పేరు కొట్టేసినందుకు కాదని నాకు తెలుసు. "తమ్ముడూ, ఆ తోమే మనిషికి ఇవ్వరా" అని, నేను అడిగి ఉంటే, నువ్వే అనేదానివేమో. అడగలేదు. ఆ మాట అనే అవకాశం నీకివ్వకుండా, నీ బదులు నేనే నిర్ణయించేసి, పైగా అబద్ధం చెప్పాను. వీధిలో నిన్ను తలొంచుకునేలా చేశాను.

అలకలు నాకు తెలియనివి కావు. గన్నవరం అవతల ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామని పొరపాటున రెండో బంతికి పిలిచాను. ఆయన ఆ పూట తినలేదు. రాత్రికీ తినలేదు. మర్నాడు జంక్షన్‌లో లారీ హోటల్లో కూర్చుని పరోటా తింటుంటే మావాళ్ళు చూశారు. చూశారని తెలిసి అది కూడా సగంలో వదిలేసి లేచిపోయాడట. ఆ మనిషి నష్టపోయింది రెండు పూటల భోజనం. మూడో రోజుకి నవ్వుకున్నాం, ఆయనా నవ్వాడు. నేను ఇన్నేళ్ళలో చూసిన అలకలన్నిటికీ ఖరీదు అంతే. అందుకే అలకంటే మనకి భయం లేదు. ఇప్పుడు ఉండాలి.

దుర్గతో "ఇంకెవరికైనా వేసుకోండి" అన్నావు. ఆ మాట పైకి ఎంత బాగుందో. నువ్వు వెళ్ళకపోయినా ఆ డోసు పారబోయరు, నీ తరవాత పేరున్న మనిషికి వేస్తారు. ఆ మనిషి నీ కంటే అక్కర ఉన్న మనిషని తెలిసి, పక్కకి జరిగి ఉంటే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ ఆ తరవాతి పేరు ఎవరిదో నువ్వు అడగనే లేదట. అది త్యాగం కాదు అక్కయ్యా. నామీద కోపం. నామీద కోపాన్ని నీ ఊపిరితిత్తులతో తీర్చుకోకు.

నేను చేసింది రైటో తప్పో నాకిప్పటికీ తేలలేదు. నాగమణి పేరు పైకి తెచ్చినందుకు ఎవరి ముందైనా నిలబడతాను. పదో పేరు గురించి మాత్రం నిలబడలేను. నీకేమైనా అయితే ఆ కారణాలన్నీ ఉంటాయి, వాటిని నేను ఎవరికీ చెప్పుకోలేను. మన ఊరి జాబితా నేను రాసింది కాదు. నిన్ను ఎరిగిన పిల్ల, ఇల్లిల్లూ తిరిగి, నీ ఆయాసం చూసి రాసింది. అందులో నీ చోటు నీకు న్యాయంగా వచ్చింది. నా చేతి మీదుగా వచ్చింది కాదు కాబట్టి, తీసుకుంటే నన్ను క్షమించినట్టూ కాదు.

దుర్గకి ఫోను చేశాను. నీ పేరు తియ్యలేదంది. శుక్రవారం పది గంటల దాకా చూస్తానంది, ఆ పైన చూడలేనంది. పొద్దున్నే ఏదైనా తిని వెళ్ళు. ఆధార్ కార్డు పద్మని తీసి పెట్టమను. చేతులు వదులుగా ఉన్న జాకెట్టు వేసుకో. మన గుమ్మం నుంచి అక్కడిదాకా నడవద్దు, రిక్షా మాట్లాడమను. సూది వేశాక అరగంట కదలకుండా కూర్చో. మాస్కు తీసి ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు.

పద్మకీ పిల్లలకీ నా ఆశీస్సులు. ఎదురింటి పెద్దమ్మగారికి నమస్కారాలు చెప్పు. నీ ఆశీర్వాదం అడిగే మొహం ఈసారి నాకు లేదు. నాతో మాట్లాడకు. ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉండాలనిపిస్తే అన్నాళ్ళు ఉండు. నేను ఫోను చేస్తూనే ఉంటాను, నువ్వు పడుకున్నావని పద్మ చెప్తూనే ఉండనీ. నువ్వు అక్కడ ఉండి, మాట్లాడకుండా ఉంటే చాలు నాకు.

నీ తమ్ముడు,
వెంకటరత్నం